ముక్కలుగా పంచుకున్న పడవవాడి కథ

మొన్న సాయంత్రం మా మనవరాలు వరండాలో కూర్చుని ఇంగ్లీషు కథ చదువుకుంటూ, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఫోనును అడుగుతోంది. ఫోనులోని ఆడమనిషి ఓపికగా చెబుతోంది. నేను పక్కనే మంచం మీద ఉన్నాను గానీ, ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి అడిగితే ఏం లాభమని ఆ పిల్ల ఉద్దేశం. అది న్యాయమే. ఇంతలో ఫాగ్ అన్న మాట వచ్చింది. ఫోను నోరు తెరిచేలోగా నేను, పొగమంచు, అన్నాను. పిల్ల అటు తిరిగి, మేక మాట్లాడినట్టు చూసింది నా వంక. ఆ మాట నాకెలా తెలుసో చెప్పమని పట్టుబట్టింది. దానికి రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకున్నాను గానీ, పలకా బలపం పట్టి చదువుకున్న నా వయసువాళ్ళకైతే మొత్తం చెప్పాలి.

మార్కాపురం తాలూకాను కర్నూలు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలిపిన కొత్తలవి. మా ఊళ్ళో బడి ఏడు వరకే. పెద్దవాళ్ళంతా ఊరి చివరి పలకల షెడ్డులో పనిచేసేవాళ్ళు. ఇంటికొక వరసగా కూర్చునేవాళ్ళు. మా వరసలో నాయన రాయి కోసేవాడు, అమ్మ నున్నగా రుద్దేది, అక్క బడికి ముందూ బడి తర్వాతా చెక్క చట్రం బిగించేది. నాకు పని ఏదీ అప్పజెప్పేవారు కాదు, అప్పజెప్పినా అది నవ్వులాటలో కలిసిపోతుందని వాళ్ళకు తెలుసు. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మేకల వెంట తిరిగి ఆలస్యంగా బళ్ళో చేరినందువల్ల ఇద్దరమూ ఏడులోనే ఉన్నాము.

ఇంగ్లీషు అయ్యవారు మార్కాపురం నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఆయన దగ్గర కథల పుస్తకం ఒక్కటే ఉండేది. ఆయన చదివి తెలుగులో చెప్పి, కొత్త మాటలు నల్లబల్ల మీద రాసేవారు. మేము పలకల మీద ఎక్కించుకుని, బట్టీ పట్టి, ఎంగిలితో తుడిచి, మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళం. ఆ ఏడు ఆయన ఎత్తుకున్నది ఒక ముసలి పడవవాడి కథ. జబ్బుపడ్డ పిల్లవాణ్ణి ఏరు దాటించాలి, దారిలో మంచు కమ్ముతుంది, తెడ్డు జారిపోతుంది. మా బాధ ఏమిటంటే మాలో ఎవరూ ఏరు చూసినవాళ్ళు కాదు. పడవంటే నీళ్ళ మీద నడిచే బస్సని నేను చెబితే అందరూ నమ్మారు. కండక్టరు ఎక్కడ నిలబడతాడని ఒకడు అడిగాడు కూడా.

ఇంత కథను ఎవరు మోయగలరు? అందుకని మేము మా ఇళ్ళల్లో చూసిన పద్ధతే పట్టాము. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, ఎవరూ మొదలుపెట్టకుండానే అలా జరిగిపోయిందనుకుంటాను. కోసేవాడు కోస్తాడు, రుద్దేవాడు రుద్దుతాడు, పలక తయారవుతుంది. అలాగే మొదటి బెంచీ చివరివాడికి మొదటి వాక్యం, వాడి పక్కవాడికి రెండోది. ఎవరి వాక్యంలోని కష్టమైన మాటలు వాళ్ళవే. అక్కకు మంచు కమ్మే వాక్యం వచ్చింది: ది ఫాగ్ కేమ్ డౌన్, అండ్ హి కుడ్ నాట్ సీ హిజ్ ఓన్ హ్యాండ్స్. నా నాలుక సంగతి తెలిసినవాళ్ళు గనక నాకు అన్నిట్లోకీ చిన్నది ఇచ్చారు: హి లాస్ట్ హిజ్ ఓర్. అంటే తెడ్డు పోగొట్టుకున్నాడని. కథ చివర పెద్ద వాక్యం మా మేనత్త కూతురిది.

అయ్యవారు అడిగినప్పుడల్లా మొదటి బెంచీ నుంచి వరసగా అడిగేవారు. ఒక్కొక్కరం లేచి మా మా ముక్కలు అద్దంలా అప్పజెప్పేవాళ్ళం. కథ గడగడా సాగిపోయేది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తరగతి మొత్తానికి కథ మొత్తం వచ్చేసిందని మురిసిపోయేవారు. ఎవరి ముక్క వాళ్ళకు తప్ప పక్కవాడి ముక్క రాదన్న సంగతి ఆయనకు తెలియదు. అది చెప్పవలసిన సంగతని మాకూ తోచలేదు.

అక్కకు చదువు మీద ప్రాణం. ఎనిమిదికి మార్కాపురం పోయి హాస్టల్లో ఉండి చదవాలని దాని కోరిక. నాయన ఏ సంగతీ తేల్చకుండా రోజులు నెట్టాడు. చివరికి కొత్త జిల్లా నుంచి పెద్దసారు బడి చూడటానికి వస్తున్నాడని తెలిసినప్పుడు, అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

"ఆ సారు ముందర నువ్వు ఇంగ్లీషు కత చెప్పు మే. నేనొచ్చి వాకిట్లో నిలబడతా. చెప్తివా, మార్కాపురం పంపిస్తా. చెప్పలేకపోతివా, పలకల కాడ కూచో. మళ్ళా ఏడ్చేది గీడ్చేది లేదు."

అక్క తలూపింది. ఆ ఊపులో ఎంత ధైర్యం ఉందో అంత అమాయకత్వమూ ఉంది. కథ తనకు వచ్చుననే అనుకుంది పాపం. రోజూ వింటున్నదే కదా.

పెద్దసారు వచ్చిన రోజు పొద్దున్నే మేనత్త వాళ్ళు పుల్లలచెరువు వైపు వేరుసెనగ చేలల్లో చెనిక్కాయలు పీకడానికి కూలికి పోయారని, కూతుర్ని కూడా తీసుకుపోయారని తెలిసింది. కథకు చివర లేదు. ఆ మాట బెంచీ నుంచి బెంచీకి గుసగుసగా పాకింది. జోకు వేద్దామని నోరు తెరిచాను గానీ లోపల ఒక్కటీ దొరకలేదు.

జీపు దిగిన ఆయన పొడుగ్గా, తెల్లగా, కోస్తా యాసలో మెత్తగా మాట్లాడే మనిషి. కొత్తకోడలి సారె విప్పి చూసినట్టు మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. నాయన షెడ్డు నుంచి నేరుగా వచ్చి, ఒళ్ళంతా రాతిపొడితో, తువ్వాలు చేత్తో పట్టుకుని వాకిలి దగ్గర నిలబడ్డాడు. అయ్యవారు పడవవాడి కథ గురించి గొప్పగా చెప్పి, మొదటి బెంచీ వైపు చెయ్యి చాపబోయారు. పెద్దసారు వద్దన్నాడు.

"అందరూ వద్దు మాస్టారూ. ఎవరో ఒకరు, మొత్తం కథ చెప్పనివ్వండి."

అయ్యవారు ఏమాత్రం జంకకుండా అక్క పేరు పిలిచారు. అందరిలో దాని గొంతే గట్టిది.

అక్క లేచింది. బయట జీపు డ్రైవరు ఏదో తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి తనకు వచ్చిన చోట పట్టుకుంది: ది ఫాగ్ కేమ్ డౌన్.

"మొదటి నుంచి చెప్పమ్మా," అన్నాడాయన.

మొదలు దానికి రాదు. వినడం వేరు, నోట్లో ఉండటం వేరని ఆ నిమిషంలోనే దానికి తెలిసింది. అయ్యవారి ముఖం పాలిపోయింది. నాయన తువ్వాలు చేతికి చుట్టుకోవడం నాకు కనిపిస్తోంది. అప్పుడు మొదటి బెంచీ చివరివాడు, ఎవరూ పిలవకుండానే, చేతులు కట్టుకుని లేచి తన వాక్యం చెప్పాడు. వాడి పక్కవాడు లేచాడు. ఆపమని పెద్దసారు చెయ్యెత్తాడు గానీ మాకు ఆపడం తెలియదు, పని వరసలో పడ్డాక ఎవరాపుతారు? అక్క నిలబడే ఉంది. దాని వంతు రాగానే దాని మంచు అది చెప్పింది. నా వంతు వచ్చింది. నాలుగే మాటలు. చెమటతో పలక చేతిలోంచి జారుతుంటే, హి లాస్ట్ హిజ్ ఓర్, అని ఎలాగో ఒడ్డున పడ్డాను. నా తర్వాత మరో ఇద్దరు. ఆ తర్వాత ఖాళీ.

"తరువాత?" అన్నాడు పెద్దసారు.

ఎవరూ లేవలేదు. ఏటి మధ్యలో, మంచులో, తెడ్డు లేని పడవ ఆగిపోయింది. అందులో జబ్బుపిల్లవాడు ఉన్నాడు. నాకు వాడి సంగతి కన్నా అక్క సంగతే ఎక్కువ భయంగా ఉంది.

అక్క తల ఎత్తింది. తెలుగులో, మన మాటల్లోనే మొదలుపెట్టింది.

"అప్పుడు ఆ పిల్లోని అమ్మ అవతల ఒడ్డున ఉండాది గదా సార్. ఆయమ్మకి పడవ కనపడ్లే. ఇత్తడి బిందె తీసుకొని రాయితో కొట్టింది. కొడ్తానే ఉండింది. ఆ సప్పుడు యాడుంటే ఆడికి ముసలాయన సేతుల్తోనే నీళ్ళు తోసుకుంటా పోయినాడు. ఒడ్డుకి చేరినాడు. ఆయమ్మ సేతుల్నించి నెత్తురొచ్చిందంట సార్, అట్లనే కొడ్తాంది, పిల్లోడు ఒడ్డుకొచ్చినేది కూడా తెలీకుండా."

నెత్తురు సంగతి పుస్తకంలో లేదు. అది దాని సొంతం.

ఇలా ముక్కలుగా నేర్చుకోమని ఎవరు చెప్పారని పెద్దసారు అడిగాడు. అయ్యవారు తల వంచుకున్నారు. వాకిట్లోంచి నాయన గొంతు వినిపించింది.

"మా కాడ పలక గూడ ఒకరే చెయ్యరు సారూ. పిల్లోళ్ళు అదే చూసినారు, అదే చేసినారు."

"పలక పదిమంది చెయ్యొచ్చయ్యా," అన్నాడాయన, కోపం లేకుండానే. "పరీక్ష కాగితం మీద పేరు మాత్రం ఒక్కరిదే ఉంటుంది."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. జీపు వెళ్ళిపోయింది. నాయన ముందు, మేమిద్దరం వెనక, షెడ్డు దాకా నడిచాము. అక్క చప్పుడు కాకుండా ఏడుస్తోంది. ఏడ్చేది లేదన్నాడు కదా నాయన, అందుకని. షెడ్డులో నాయన తన చోట కూర్చుని రాయి తీసుకున్నాడు. అక్క పోయి తన చోట కూర్చుని చట్రం అందుకుంది. దానికి తీర్పు అర్థమైపోయింది. నాకూ అంతే.

నాయన రాయి కోయలేదు. దాన్ని ఒళ్ళో అలా పెట్టుకుని అమ్మతో అన్నాడు.

"కత అందురూ చెప్పినారు. ఏం జరిగిందో తెలిసి చెప్పింది మాత్రం ఇదొక్కటే." రాయిని అటూ ఇటూ తిప్పి, "ఇది పోతే దీని చోట్లో ఎవరు కూచుంటారు?" అన్నాడు.

ముగ్గురి చూపులూ వరసగా వచ్చి నా మీద ఆగాయి. ఊళ్ళో ఎక్కడైనా చదువుకు మగపిల్లవాణ్ణే పంపుతారు. అందుకే నాయన నన్ను కూర్చోమని అనలేకపోయాడు, అడగనూ లేకపోయాడు. అక్క అయితే నా వైపు చూడటం కూడా మానేసి చట్రాన్నే చూస్తోంది.

"నేనెట్లాగూ తెడ్డు పోగొట్టుకున్నోణ్ణే గదా నాయనా," అన్నాను. "జరుగు మే, ఆ చట్రం ఇట్లా తే."

అమ్మ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నేను బడి మానేసినందుకు ఊళ్ళో గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయినవారు అయ్యవారొక్కరే.

అక్క చదివింది. నర్సు అయింది. గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో పిల్లలు దాని చేతుల్లోకే పుట్టారు. ఇప్పుడు రిటైరై అక్కడే ఉంటోంది. పోయినేడు ఒక పెళ్ళిలో ఆనాటి తరగతివాళ్ళం కొందరం కలిసినప్పుడు, పడవవాడి కథ చెప్పమని అక్కను పట్టుకున్నాము. ఇప్పుడు దానికి కథంతా వచ్చు, మొదలూ చివరా ఇంగ్లీషులోనే, ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగింది. ఉన్నవాళ్ళం మా మా ముక్కలు అందించాము. రానివాళ్ళ చోటా, కాలం చేసినవాళ్ళ చోటా, వాళ్ళు లేచి నిలబడేంతసేపు ఆగి, ఆ తర్వాతే ఆ వాక్యం తాను చెప్పింది. మొదటి బెంచీ దగ్గర అలా చాలాసార్లు ఆగవలసి వచ్చింది.

మా మనవరాలు నిన్న తన కథ ఎక్కడా ఆగకుండా, ఒక్క తప్పు లేకుండా నాకు అప్పజెప్పింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. మధ్యలో ఎవరి కోసమూ ఆగవలసిన పని లేదు ఆ పిల్లకు.