సెల్మర్ పాల ట్రిప్పులు

సెల్మర్ బ్రెకె కాఫీని కప్పుతో తాగేవాడు కాదు. సాసర్లో ఒంపుకుని, ముందు పళ్ళ మధ్య చక్కెర పలుకొకటి పట్టుకుని, దాని మీదుగా చప్పుడు చేస్తూ జుర్రేవాడు. చీజ్ ఫ్యాక్టరీ లారీ తోలే రోజుల్లో ఆ చప్పుడు పొద్దున్నే మా లోయలో అయిదారు వంటిళ్ళలోనైనా వినిపించేది. పధ్నాలుగు పశువుల కొట్టాల ముందు ఆగి, పాల క్యాన్లు ఎత్తుకుని, ఎనిమిదింటికల్లా ఫ్యాక్టరీలో దించేవాడు. మా వైపు దీన్ని పాల ట్రిప్పు అంటారు.

1942లో వైమానిక దళంలో చేరుతున్నానని చెప్పినప్పుడు అతని పిన్ని ఆల్మా పడీపడీ నవ్వింది.

"లారీ తోలేవాడికి విమానం ఇస్తారట్రా?"

"బ్రేకుల్లేని లారీ తోలినవాడికి ఏదైనా ఇస్తారు పిన్నీ."

ఇచ్చారు కూడా. 1944 మార్చికల్లా ఇంగ్లండులో నాలుగింజన్ల బాంబర్‌కి అతనే పైలట్. అతనితో కలిపి పదిమంది సిబ్బంది. ఇక్కడ అమెరికాలో, విస్కాన్సిన్‌లో వాళ్ళమ్మ గుద్రున్, పదహారేళ్ళ చెల్లెలు వెర్నా పన్నెండు ఆవుల్ని పితుక్కుంటూ ఉండిపోయారు. తండ్రి అప్పటికే పోయాడు. నార్వే నుంచి వలసొచ్చిన గుద్రున్‌కి ఆ భాష తప్ప చదవడం రాదు. సెల్మర్ రాసేది ఇంగ్లీషులో. అందుకని ఉత్తరాలు వెర్నా చదివి, తమ భాషలో చెప్పేది.

రెండో ఉత్తరంలో అతను ఇలా రాశాడు: "ఇవాళ పాల ట్రిప్పే. మధ్యాహ్నానికల్లా వచ్చేశాం."

గుద్రున్ చేతిలోని బకెట్ కింద పెట్టింది. "పాలా? ఇంకోసారి చదువు." రెండోసారి విన్నాక ముఖం విప్పారింది. "చూశావా, సైన్యంలోనూ బుద్ధున్నవాళ్ళున్నారు. ఎవడికి ఏ పని వచ్చో కనుక్కుని ఆ పనే ఇచ్చారు. అక్కడ మన కుర్రాళ్ళు లక్షలమంది ఉన్నారు, వాళ్ళకి పాలక్కర్లేదూ?"

వెర్నా కూడా నిజమే అనుకుంది. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద లోయంతా అలాగే అనుకుంది. ట్యాంకు నడుపుతున్న కొడుకున్న ఆల్మా మాత్రం మూతి తిప్పింది. "మావాడు గుండ్లు పేలుస్తున్నాడు. మీవాడు పాలు పోస్తున్నాడన్నమాట!"

"పోస్తే పోశాడు. ఇంటికొస్తాడు కదా" అంది గుద్రున్.

విమానంలో ఎన్ని క్యాన్లు పడతాయని వెర్నా అన్నకి రాసింది. ఏప్రిల్లో జవాబొచ్చింది, ఆమె పేరు మీద విడిగా. "పిచ్చి మొద్దూ! ఇక్కడ పాల ట్రిప్పంటే మన మీద ఎవరూ పెద్దగా కాల్చని రోజు. తేలిగ్గా వెళ్ళి తేలిగ్గా రావడం. అలాంటి రోజులు తక్కువ. అమ్మతో మాత్రం అనకు. అలాగే అనుకోనీ."

అప్పట్నుంచి వెర్నా ఉత్తరాలు చదవలేదు, అల్లింది. విమానం తోకలో మనిషి పట్టేంత కన్నం పడిందని అతను రాస్తే, రెండు క్యాన్లు ఒలికాయని చదివింది. పక్క మంచం కుర్రాడు తిరిగి రాలేదని రాస్తే, సెలవు మీద వెళ్ళాడంది.

"మూతలు గట్టిగా బిగిస్తున్నాడా?" అని అడిగేది తల్లి.

"బిగిస్తున్నాడమ్మా."

రోజూ భోజనానికి ముందు గుద్రున్ చేతులు జోడించి, కొడుకు దారిలో పొగమంచు లేకుండా చూడమనీ, రెక్కల మీద మంచు పేరుకోనివ్వద్దనీ ప్రార్థించేది. వెర్నా తలొంచుకుని ఆమెన్ చెప్పేది.

సెప్టెంబరులో టెలిగ్రాం వచ్చింది. జర్మనీ మీద సెల్మర్ విమానం కనపడకుండా పోయింది.

"జర్మనీకి పాలెందుకు తీసుకెళ్ళాడు?" అంది గుద్రున్.

వెర్నా చేతిపంపు దగ్గర నిలబడి మొత్తం చెప్పేసింది. తల్లి అరవలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఏప్రిల్ నుంచి."

"పొగమంచు గురించి అడిగానే నేను. రోజూ అడిగాను. తుపాకుల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. అడగనివ్వలేదు నువ్వు."

ఆ తర్వాత కూతురితో ఆవుల గురించి తప్ప మాట్లాడలేదు. సెల్మర్ చనిపోయాడని క్రిస్మస్ ముందు రెండో టెలిగ్రాం వచ్చినప్పుడు కూడా మాట్లాడలేదు. ఆల్మా కల్పించుకుంది. "చిన్నపిల్ల అక్కా, పదహారేళ్ళది."

"పదహారేళ్ళదే. చదవడం వచ్చిన పదహారేళ్ళది."

యుద్ధం ముగిసిన వేసవిలో ఎముకల గూడులాంటి మనిషి ఒకడు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. డెల్బర్ట్ ఓక్స్, సెల్మర్ పక్క సీట్లో కూర్చున్న రెండో పైలట్. జర్మన్ల చెరలోంచి బయటపడి వచ్చాడు. అతనికి నార్వే భాష రాదు. గుద్రున్ వంటగదిలో అతన్ని కూర్చోబెట్టి, కాఫీ పోసి, వెర్నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పాలి. ఒక్క మాట కూడా మార్చకు."

అతను చెబుతూ ఉంటే వెర్నా తమ భాషలో చెప్పింది. అది పద్దెనిమిదో దాడి. ఆ పొద్దున పాల ట్రిప్పే అన్నారు పైవాళ్ళు. తిరిగి వస్తుండగా రెండింజన్లు అంటుకున్నాయి. అందరినీ దూకెయ్యమని, సెల్మర్ విమానం ఒరిగిపోకుండా చక్రం పట్టుకుని కూర్చున్నాడు. "'పద పద, ఆ నడుము తలుపులోంచి దూరడానికే గంట పట్టేలా ఉంది' అని నన్ను తోశాడు. అప్పుడు నేను లావుగా ఉండేవాణ్ణి లెండి." తొమ్మండుగురూ దూకారు. సెల్మర్‌కి దూకే వ్యవధి లేకపోయింది.

డెల్బర్ట్ గుద్రున్ ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "నొప్పి తెలియలేదని చెప్పమ్మా వెర్నా."

వెర్నా తల్లి వైపు తిరిగింది.

"నొప్పి తెలియలేదని చెప్పమంటున్నాడమ్మా. కానీ అది అతనికి తెలిసే వీల్లేదు. అప్పటికే పారాచూట్‌తో దూకి కిందికి దిగుతున్నాడు. విమానం మండుతూ పడిపోవడం మాత్రం చూశాడు."

గుద్రున్ లేచి, షెల్ఫులోంచి ఇంకో కప్పు తీసి, కాఫీ నింపి కూతురి ముందు పెట్టింది. "కూర్చో. చల్లారితే మళ్ళీ వేడి చేయను."

డెల్బర్ట్ వెళ్ళిన మర్నాడు, పాలు పితకడం అయ్యాక, ఆమె ఉత్తరాల డబ్బా తెచ్చింది. "మొదట్నుంచి చదువు. ఉన్నదున్నట్టు." వెర్నా చదివింది. కన్నం దగ్గర కన్నమే చదివింది, తిరిగి రాని కుర్రాడి దగ్గర తిరిగి రాలేదనే చదివింది. ఒక్కో దాడి ముగిసినప్పుడల్లా తల్లి చెయ్యెత్తి ఆపి, చేతులు జోడించి, ఆ రోజుకి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది.

"పదిహేడుసార్లు వెనక్కి పంపాడే దేవుడు" అంది చివరికి. "నేను అడక్కుండానే."

వెర్నాకిప్పుడు తొంభై ఏడేళ్ళు. ఊళ్ళోని వృద్ధాశ్రమంలో కింది అంతస్తులో ఉంటుంది. గురువారం మధ్యాహ్నాలు పేకాట ఆడుతుంది, ఎక్కువసార్లు ఓడిపోతుంది.