మామయ్య కుట్టిన పందిరి

మా మామయ్య దర్జీ. అమ్మకి అన్న. ఊళ్లో సగం మంది నడుము కొలతలు ఆయనకి నోటికి వచ్చు. ఎవరు లావెక్కారో మాత్రం పైకి చెప్పేవాడు కాదు. ఆ పని మా అత్త చేసేది. అత్త నోట్లో నువ్వుగింజ నానదు. కంటి ఆపరేషనయ్యాక మామయ్య సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట తంటాలు పడుతున్నాడనీ, సాయం చెయ్యబోతే కస్సుమంటున్నాడనీ మాకు ఆవిడ వల్లే తెలిసింది.

ఆ ఏడాది నాన్న ఒక పాత వ్యాను కొని, లోపల పడుకోవడానికి బల్లలు, ఒక గ్యాసు పొయ్యి బిగించి ఇల్లులా చేశాడు. అందరం కలిసి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని వారం రోజులు తిరగాలని అనుకున్నాం. వ్యాను పక్కన నీడకి గుడ్డ పందిరి కావాలన్నాడు నాన్న. మామయ్య కేన్వాసు తెచ్చి, దారానికి మైనం రాసి, ఇరవై రోజులు కూర్చుని కుట్టాడు. బయల్దేరేముందు అత్తతో అన్నాడట: "ఇది గాలికి ఆగిందా, కొట్టు ఉంచుతా. కుట్టు ఊడిందా, మిషను అమ్మేస్తా."

అత్తతో అన్నాడంటే మా అందరితో అన్నట్టే.

మూడు రోజులు గాలి ఊసే లేదు. నాలుగో రోజు పొద్దున్నే మొదలైంది. వ్యాను ఉయ్యాలలా ఊగింది. కూర నోట్లో పెట్టుకుంటే ఇసుక కరకరమంది. మామయ్య ఆ కూర కూడా తినకుండా, వ్యాను మెట్టు మీద కూర్చుని పందిరి వంకే చూస్తున్నాడు. నాన్న ఊరుకుంటాడా?

"ఏం బావా, పెళ్లికూతుర్ని కూడా ఇంతసేపు చూసుండవే."

"పందిరి మేకులు నేలలోకి గట్టిగా కొట్టావా, బావా?"

"నేను కొట్టిన మేకు పీకాలంటే క్రేను రావాలి."

క్రేను రాలేదు, గాలే వచ్చింది. పందిరి ఒక్కసారి పొట్ట ఉబ్బించి, మేకులతో సహా లేచి, రోడ్డు దాటి ఇసుక దిబ్బల మీదుగా పోయింది. మేం చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తాం. మామయ్య పరిగెత్తలేదు. వెనకాల నడుచుకుంటూ వచ్చాడు, ఫలితాలు చూసుకోడానికి బడికి వెళ్లే పిల్లాడిలా.

పందిరి ఒక తీగల కంచెకి చిక్కుకుని ఉంది. మధ్యలో బారెడు చిరుగు.

"ఊడిపోయిందిగా బావా. వయసొచ్చాక ఎవరికైనా అంతేలే," అన్నాడు నాన్న. వేళాకోళానికే అన్నాడు.

మామయ్య కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఒక మూల నుంచి బొటనవేలితో కుట్టు తడుముకుంటూ వచ్చాడు. అంచులన్నీ అయ్యాయి. ఇసుక కాళ్లకి సూదుల్లా గుచ్చుకుంటున్నా మేం కదల్లేదు. చివరికి వేలు చిరుగు దగ్గరికి వచ్చింది. అది తీగ గుచ్చుకున్న చోట మొదలై, నడిమి కుట్టు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

"చిరిగింది గుడ్డ," అన్నాడు మామయ్య మెల్లిగా. "కుట్టు ఆపింది."

అత్త నాన్న వైపు తిరిగింది. "మరి మేకుల సంగతేంటన్నయ్యా? ఆడలేక మద్దెల ఓడంటే ఇదే."

వ్యాను చాటున గాలి తగలని చోట కూర్చుని మామయ్య అతుకు వెయ్యడానికి సిద్ధమయ్యాడు. సూదీ దారం బయటికి తీశాడు. కాసేపు వాటిని అలాగే పట్టుకుని, తల ఎత్తకుండా అత్త వైపు చాపాడు.

"ఎక్కించు."

ఆయన సూది ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. అత్త ఒక్క మాట కూడా అనకుండా ఎక్కించి ఇచ్చింది. అదీ మొదలే.

ఆ తర్వాత కొట్టు ఎనిమిదేళ్లు నడిచింది. రోజూ పొద్దున్నే అత్త వెళ్లి మిషను సూదికీ, గుండీలు కుట్టే సూదులు పదింటికీ దారం ఎక్కించి వచ్చేది. వస్తూ వస్తూ కొలతల పుస్తకంలో ఎవరు లావెక్కారో చూసొచ్చేది.

ఆ పందిరి ఇప్పుడు నా దగ్గరుంది. రంగు పోయింది, అతుకు అలాగే ఉంది. ఎప్పుడు బయటికెళ్లినా వేస్తాం. మేకులు మాత్రం నాన్నని కొట్టనివ్వను.