ముందొచ్చే చప్పుడు

క్లబ్బులో అందరూ ఆయన్ని మోచేయి మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన నేర్పే టెన్నిస్ పాఠం ఒకటే ముక్క: ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు మోచేయి వంచు. పిల్లల చంకలో చేతిరుమాలు పెట్టి, అది కిందపడకుండా బంతి కొట్టమంటాడు. రుమాలు పడిందా, ఆ పూటకి వాళ్ల పని అయిపోయినట్టే.

"చెయ్యి చాచి కొడితే బలం ఎక్కువే, కాదనను. కాస్త ఆలస్యమైందంటే మాత్రం బంతి పక్కింట్లో వెతుక్కోవాలి," అంటాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. అందుకే ఇన్నేళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయనవి పాముచెవులు. కళ్లు మూసుకుని, ఎవరు వంచి కొట్టారో ఎవరు చాచి కొట్టారో చెప్పేస్తాడు. చాచిన చేతికి బంతి జానెడు ముందే తగులుతుంది కదా, చప్పుడు కూడా రెప్పపాటు ముందే వస్తుంది.

పోయినేడు ఆయన తమ్ముడు జ్వరంతో పోయాడు. మాస్టారి కంట చుక్క నీరు రాలేదు. మరుసటి వారం నుంచి క్లబ్బులో సాధన చేసే గోడ దగ్గర అది మొదలైంది. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆయన ఆ ఆకుపచ్చ గోడకి ఎదురుగా ఒక్కడే సాధన చేసుకుంటాడు. మోచేయి వంచి రాకెట్ తిప్పుతాడు. బంతి ఇంకా తగలనే తగలదు, టప్‌మని వినిపిస్తుంది. ఆ తర్వాత తన బంతి తగులుతుంది. ఒకరోజు కాదు, రోజూ అంతే. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "మీకేమండీ, నాకంటే బాగా వినిపిస్తోంది," అని నవ్వి పంపేశాడు. నిజానికి ఆ చప్పుడు ఎవరిదో మాస్టారికి మొదటిరోజే తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాడు.

ఈ వారం తమ్ముడి భార్య కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఆదివారం జట్టులోకి ఎంపికట బావగారూ. బళ్లో ఏదో నేర్చుకుంది. వాళ్ల నాన్న ఇంట్లో రాకెట్ మాటే ఎత్తనిచ్చేవారు కాదు. ఇక మీదే భారం."

పిల్ల మొదటి బంతి కొట్టింది. చెయ్యి బారుగా చాచి, అచ్చం తండ్రిలాగే. చంకలో రుమాలు కిందపడింది.

"పెదనాన్నా, వంచనా, చాచనా?"

ముప్పై ఏళ్ల కిందట, ఎంపిక ముందురోజు, తమ్ముడూ ఇదే అడిగాడు. "అన్నయ్యా, వంచనా, చాచనా?" జట్టులో ఉన్నది ఒకటే చోటు, పోటీలో ఇద్దరన్నదమ్ములు. "వంచు," అన్నాడు మాస్టారు, చాచి కొట్టడమే తమ్ముడి బలమని తెలిసి తెలిసే. అన్న మాట జవదాటని తమ్ముడు మర్నాడు బంతులన్నీ నెట్‌కే కొట్టాడు. మళ్లీ రాకెట్ ముట్టలేదు. ఆ ఒక్క మాటని నిజం చెయ్యడానికే మాస్టారు ఇన్నేళ్లుగా కనబడ్డ పిల్లలందరికీ అదే చెబుతున్నాడు.

ఇప్పుడూ ఆ మాటే నోటిదాకా వచ్చింది.

గోడ దగ్గర టప్‌మంది. బంతి పిల్ల చేతిలోనే ఉంది.

"ఎవరు పెదనాన్నా కొట్టింది?"

ఆమెకీ వినబడిందన్నమాట.

"చాచు తల్లీ. మీ నాన్నని వంచమని చెప్పి, ఆయన ఆట నేనే పాడుచేశాను. నువ్వు చాచే కొట్టు."

పిల్ల చెయ్యి చాచి తిరిగి కొట్టింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఒకటే చప్పుడు. మళ్లీ కొట్టింది. ఒకటే.

మర్నాడు పొద్దున ఆయన ఒక్కడే గోడ దగ్గర నిలబడి బంతి కొట్టాడు. ముందు ఏ చప్పుడూ రాలేదు. ఎండెక్కేదాకా కొట్టినా రాలేదు. ఇక రాదని తెలిశాక రాకెట్ కిందపెట్టి, పోయిన తమ్ముడి కోసం అప్పుడు ఏడ్చాడు.