సరస్సుకి ఇదేనా అండీ దారి?

మా బాబాయి దారి అడుగుతాడు.

ఇందులో వింతేముంది, తెలియనివాళ్లు అడగరా అంటారేమో. మా బాబాయికి తెలుసు. అదే రోడ్డు మీద, అదే సరస్సుకి, ఇరవై ఏళ్లుగా ఏటా సెలవులకి వెళుతున్నాం. ఆ దారిలో ఏ గుంత ఏ సంవత్సరం పూడ్చారో కూడా ఆయన చెప్పగలడు. అయినా అడుగుతాడు. వెళ్లేటప్పుడు తొమ్మిది చోట్ల, వచ్చేటప్పుడు తొమ్మిది చోట్ల. వచ్చేటప్పుడు ఏమని అడుగుతాడంటారా? మా ఇంటికి దారి అడుగుతాడు.

ఇంతకీ ఆయన ఉద్యోగం చెప్పలేదు కదూ! సర్వే ఆఫీసులో పటాలు గీస్తాడు. మేడమీద గది, వెలుతురు బాగా పడే కిటికీ, వాలుబల్ల, దానిమీద నాలుగు రకాల పెన్సిళ్లు, చెవి వెనక ఐదోది. ఆ సరస్సు రోడ్డు పటం గీసింది సాక్షాత్తూ ఈయనే, కల్వర్టులతో సహా. సరస్సుకి ఇవతల నాలుగు రోడ్ల కూడలిలో ఆ పటాన్నే పెద్ద రేకు బోర్డు మీద రంగుల్లో వేయించి నిలబెట్టారు. ఒక ఏడు బాబాయి సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, అక్కడ పళ్లమ్ముకునే ఆవిణ్ణి పట్టుకుని, "అమ్మా, సరస్సుకి ఇదేనా దారి?" అన్నాడు.

"నెత్తిమీద అంత బోర్డు పెట్టుకుని నన్నడుగుతావేంటయ్యా? అందులో చూసుకో."

"పటాల్ని నమ్మకూడదమ్మా. ఇది గీసినవాడు నాకు బాగా తెలుసు."

పోనీ, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాట అడిగి ఊరుకుంటాడా? ఊరుకోడు. వ్యాను ఆపించాలి. తలుపులు తీయించాలి. లోపలున్న అందర్నీ రోడ్డు మీదకి దింపాలి. "దిగండి, దిగండి. ఒక్కడు వింటే సగం మరిచిపోతాడు. అమ్మా, కుడి మలుపులు నువ్వు చూసుకో. వదినా, వంతెనలు నీవి. ఏమోయ్, ఎడమ మలుపులన్నీ నీకే అప్పగిస్తున్నా. రా, ఇలా ముందుకొచ్చి నిలబడు, వినపడొద్దూ!"

ఆ చివరి మాట మా పిన్నికి. ఎడమ మలుపుల బాధ్యత ఎప్పుడూ ఆవిడదే. గాలికి జుట్టు చెదిరిపోతుంటే కళ్లు మూసుకుని మరీ శ్రద్ధగా వినేది పాపం. ఆ రోడ్డంతటికీ ఎడమ మలుపు ఒకే ఒక్కటుంది.

దారి పొడుగునా అందరికీ ఆయన తెలిసిపోయాడు. మొదటి కూడలిలో టైలరైతే మిషను తొక్కడం ఆపకుండానే, "ఇదే సార్. పోయినేడాదీ ఇదే, వచ్చే ఏడాదీ ఇదే" అనేవాడు.

"మరి ఈ ఏడాది సంగతి?" అనేవాడు బాబాయి. చచ్చినట్టు మిషను ఆపి లేచొచ్చి చెప్పేవాడు టైలరు.

సైకిలు షాపు దగ్గర జరిగింది చెబితే మీరు నమ్మరు. మేం ఆగి ఉండగా వెనకాల ఇంకో కారొచ్చి ఆగింది. వాళ్లు నిజంగానే దారి తప్పారు. "సరస్సుకి ఎటు వెళ్లాలండీ?" అని బాబాయినే అడిగారు. ఈయన చెవి వెనక పెన్సిలు తీసి, సిగరెట్టు పెట్టె చింపి, రైలు గేటూ, రెండు వంతెనలూ, పళ్లమ్మే ఆవిడతో సహా పటం గీసిచ్చి సాగనంపాడు. కారు దుమ్ము ఇంకా సర్దుకోలేదు, సైకిలు షాపాయన వైపు తిరిగి, "ఏమండీ, సరస్సుకి ఇదేనా దారి?" అన్నాడు. చేతిలో ట్యూబు జారవిడిచాడు ఆయన.

ఈ మనిషికి అన్న ఎవరయ్యా అంటే, మా నాన్న. బస్సు డిపోలో టైమ్ కీపరు. రెండు నిమిషాలు లేటయిన డ్రైవరు చేత రెండు పేజీల సంజాయిషీ రాయించుకునే రకం. స్టీరింగు పట్టుకుంటే ఆయనకి రోడ్డూ, చేతి గడియారమూ తప్ప మూడో వస్తువు కనపడదు.

"ఒరేయ్, దారి అడగడానికి పదకొండు నిమిషాలు! నీ జబ్బుకి మందు లేదురా."

"లేదన్నయ్యా. కాస్త గాలి తగలాలంతే."

నిజం చెప్పొద్దూ, మొదటి ఏడు బాబాయి దారి అడగలేదు. అప్పుడు నాకు ఆరేళ్లు, ఆయనకి కొత్తగా పెళ్లయింది. నాన్న ఎక్కడా ఆపకుండా బస్సు నడిపినట్టు నడిపాడు. మూడో గంటలో నా కడుపు తిరగబడింది. వెనక సీట్లో ఉన్నాను కనుక అదంతా నాన్న కొత్త చొక్కా కాలరు మీద పడింది. నన్ను రోడ్డు పక్కన నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడాయన. "ప్రయాణాలు పడనివాళ్లు ఇంటిపట్టున ఉండాలి. వచ్చే ఏడాది ఇది రాదు. ఇది అనే కాదు, కడుపు నిలవనివాళ్లు ఎవరున్నా సరే, రారు!"

నేను గుక్కపట్టి ఏడ్చాను. పిన్ని నా మొహం కడిగి తుడిచింది. తన మొహం నాకంటే తెల్లగా పాలిపోయి ఉంది. కొత్త కోడలు కదా, బావగారి కేకలకి బెదిరిపోయింది కాబోలు అనుకున్నాం. సరస్సు చూశాక మాత్రం ఆవిణ్ణి పట్టలేకపోయాం. అప్పటిదాకా ఊరు దాటని మనిషి. ఒడ్డున మెట్లమీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, రెండు పూటలు లేవలేదు. "ప్రతి ఏడూ వద్దాం కదూ?" అని చిన్నపిల్లలా నన్నడిగింది.

ఆ మరుసటి ఏడు నుంచే బాబాయికి ఈ దారి పిచ్చి పట్టుకుంది. బతిమాలి నన్నూ తీసుకెళ్లారు. నాకు మళ్లీ ఎన్నడూ వాంతి కాలేదు. "చూశారా? ఒక్కసారి గట్టిగా చెబితే కడుపైనా మాట వింటుంది" అని నాన్న డిపోలో కూడా చెప్పుకున్నాడు.

బాబాయికి ఇంకో విడ్డూరం ఉంది. ముందు సీట్లో కూర్చోగానే, ఎండ ఉన్నా లేకపోయినా, కళ్లకి అడ్డంగా దించుకునే అట్ట దించేస్తాడు. దానికి అరచేతంత అద్దం ఉంటుంది. దారంతా అందులోకే చూస్తుంటాడు. తలమీద చూస్తే నున్నటి మైదానం. "బాబాయ్, ఉన్న నాలుగూ ఉన్నాయిలే, లెక్కపెట్టుకోకు" అని నేనంటే, "ఐదో దానికోసం వెతుకుతున్నా అమ్మడూ" అని పకపకా నవ్వేవాడు.

ఇన్ని నవ్వుల మధ్య ఒక్కటే లోటు. సరస్సు మధ్యలో చిన్న దీవి, దానిమీద తెల్లటి పాత లైట్‌హౌసు. అక్కడికి లాంచీ వారానికొక్కసారే, శనివారం మూడింటికి. శనివారం పొద్దున నాన్నకి డ్యూటీ, పదిన్నరకి గానీ కదలలేం. నేరుగా వెళితే నాలుగు గంటల దారి. బాబాయితో ఐదు. మేం ఒడ్డు చేరేసరికి లాంచీ వీపు కనపడేది. "అదిగో, వెళ్లిపోతోంది" అనేది నానమ్మ. మొదటి ఏడు నా కడుపు పుణ్యం, ఆ తర్వాత బాబాయి పుణ్యం, పందొమ్మిదేళ్లు అదే మాట. ఆ తర్వాత లాంచీ తిరిగొస్తే, దాన్ని నడిపే ఆయన దగ్గరికి వెళ్లి, ఒడ్డునే నిలబడి, "సరస్సు ఇదేనా అండీ?" అనేవాడు బాబాయి.

ఈ ఏడు నానమ్మకి ఎనభై ఒకటి. "వచ్చే ఏడాదికి ఈ మోకాళ్లు నన్ను మోస్తాయో, నేనే వాటిని మోస్తానో. ఒక్కసారి నన్నా దీవిలో దింపండర్రా" అంది. నాన్న కళ్లకి ఆపరేషనయింది, దూరప్రయాణాల్లో స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. కాబట్టి డ్రైవరు నేనే.

"పూచీ నాది నానమ్మా. మూడింటికల్లా లాంచీలో ఉంటావు. ఈసారి దారి అడగడాలు బంద్!" అన్నాను. ఎదురుగా ఫోను తగిలించాను. అందులో ఆడగొంతు దారి చెబుతుంది.

"ఆవిడ ఎప్పుడైనా ఆ రోడ్డెక్కిందా అమ్మడూ?" అన్నాడు బాబాయి దిగులుగా.

వెనక వరసలో నాన్న, అమ్మ. మధ్యలో నానమ్మ, పిన్ని. వ్యాను పరిగెత్తింది. మమ్మల్ని చూసి టైలరు మిషను ఆపి బయటికొచ్చాడు కూడా. నేను ఆపలేదు. కత్తెర పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. "శభాష్! నిమిషం ముందున్నాం" అన్నాడు నాన్న వెనక నుంచి.

సైకిలు షాపు వస్తుండగా, "టైర్లో గాలి తగ్గినట్టుంది" అన్నాడు బాబాయి.

"నిండుగా ఉంది."

"దాహంగా ఉంది అమ్మడూ."

"నీ కాళ్ల దగ్గరే సీసా ఉంది, తాగు."

"కాలు తిమ్మిరెక్కింది."

"చాపుకో బాబాయ్. ఎన్ని వేషాలేసినా ఆపను!"

సైకిలు షాపు కూడా వెళ్లిపోయింది. బాబాయి అద్దంలోకి చూస్తున్నాడు. "ఉన్న నాలుగూ ఉన్నాయిలే" అన్నాను. నవ్వలేదు. ఇరవై ఏళ్లలో ఆ మాటకి ఆయన నవ్వకపోవడం అదే మొదలు. ఏమైందా అని, ఆయన చూపు ఎటుందో గమనించి, నా ముందున్న అద్దంలోకి నేనూ చూశాను.

అద్దంలో పిన్ని ఉంది. చేతిరుమాలు నోటికి అదిమిపెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నుదుటంతా చెమట. నానమ్మ చడీచప్పుడూ లేకుండా ఆవిడ వీపు రాస్తోంది. పిన్ని తల అడ్డంగా ఊపుతోంది, ఏం లేదు, ఏం లేదు అన్నట్టు.

నా బుర్రలో ఒక్కసారిగా అన్నీ కదిలాయి. ఎడమ మలుపులు. మూసిన కళ్లు. ఆ పాడు అద్దం. "ఎవరున్నా సరే, రారు" అన్న నాన్న కేక. ప్రయాణం పడదని ఒక్కసారి బయటపడితే సరస్సు దక్కదేమోనని పిన్ని భయం. ఆవిడ పరువు కాపాడ్డానికి ఇరవై ఏళ్లుగా ఊరందరి ముందూ తిక్కమనిషి అనిపించుకున్నాడు బాబాయి. అంతెందుకు, నా కడుపు నాన్న మాట విని నిలబడిందా? అరగంటకోసారి ఆయన నన్ను దింపాడు కనక నిలబడింది! నాకు తల కొట్టేసినట్టయింది.

ఎదురుగా రైలు గేటు బార్లా తెరిచి ఉంది. వ్యాను పక్కకి తీసి ఆపాను. "నేరుగా వెళ్లండి" అంది ఫోను. దాని నోరు నొక్కి దిగాను.

"ఏమండీ, సరస్సుకి ఇదేనా దారి?"

గేట్‌మన్ గదిలోంచి తొంగిచూశాడు. "అరె! ఈ ఏడు డ్యూటీ అమ్మాయికి అప్పజెప్పారా సార్?"

"దిగండి, దిగండి!" అని అరిచాను. "పిన్నీ, ఎడమ మలుపులు నీవి. ముందుకొచ్చి నిలబడు."

"ఏమే, నీక్కూడా అంటుకుందా ఈ జబ్బు?" అంటూ గడియారం చూపిస్తూ దిగాడు నాన్న. ఆయన చూపు గేటు స్తంభం పట్టుకుని గాలి పీల్చుకుంటున్న పిన్ని మీద పడింది. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా చొక్కా చేతి మడత విప్పి, గడియారం మీదకి లాక్కున్నాడు.

బాబాయి నా పక్కకొచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి. "బాగానే అడిగావు అమ్మడూ. ఆ 'ఏమండీ' మాత్రం ఇంకొంచెం సాగదీయాలి."

"అదంతా సరే, నానమ్మ లాంచీ ఏం కాను?" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"లాంచీయా?" అన్నాడు గేట్‌మన్. "ఆ లాంచీ నడిపేది మా బావమరిదే! ఇన్నేళ్లుగా దారి అడుగుతున్నారే గానీ, లాంచీ ఎక్కాలని ఒక్క ముక్క చెప్పారా సార్?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "దారి అడిగే హడావుడిలో అది తోచలేదయ్యా."

గేట్‌మన్ అప్పుడే ఫోను కలిపాడు. "ఒరేయ్, దారి అడిగే సారు వాళ్లు వస్తున్నారు, కాసేపు ఆగు... ఆఁ, ఆయనే... నిన్నూ అడుగుతాడా? ఏమని?"

మిగిలిన చోట్లన్నీ ఆగాం. ప్రతిచోటా అందరికంటే ముందు దిగింది నాన్న. ఒడ్డు చేరేసరికి మూడూ ఇరవై ఐదు. లాంచీ అక్కడే ఉంది. ఇంజను ఇంకా వేడెక్కలేదని ఎక్కినవాళ్లకి అరగంటగా నచ్చజెబుతున్నాడు డ్రైవరు. నానమ్మని బాబాయీ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాం. "అదిగో, వెళుతున్నాం" అంది నానమ్మ, లాంచీ కదలగానే.

సగం దూరం వెళ్లేసరికి గాలి లేచింది. లాంచీ అటూ ఇటూ ఊగింది. పిన్ని చెయ్యి మెల్లగా చేతిరుమాలు కోసం వెళ్లడం నేను చూశాను. బాబాయీ చూశాడు, లేవబోయాడు. ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టి, నాన్న లేచి నిలబడ్డాడు. చుట్టూ నాలుగు వైపులా నీళ్లు. ఎదురుగా ఒకే ఒక్క దీవి.

"ఏమండీ," అన్నాడు నాన్న బాగా సాగదీసి, "దీవికి ఇదేనా దారి?"

లాంచీలో ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. డ్రైవరు నాన్నని చూశాడు, బాబాయిని చూశాడు, ఇంజను ఆపేశాడు.

"ఆగి వివరంగా చెబుతానుండండి సార్."

లాంచీ నెమ్మదించి, ఊగడం తగ్గి, నీళ్లమీద నిలిచింది. పిన్ని లేచి అంచు దగ్గరికెళ్లి గాలికి మొహం పెట్టింది.

"మధ్యలో ఎడమ మలుపులేమైనా ఉన్నాయా?" అని నాన్న మళ్లీ అడిగాడు. పిన్ని చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోలేక.