వేలిముద్ర చాలన్నాను

పుంగనూరు బజారులో సగం అంగళ్ల బోర్డులు ఒకప్పుడు మా నాయన రాసినవే. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకోవాలి.

మా ఇల్లు ఆయన పేర ఉంది, ఇంటి మీది అప్పు మా ఇద్దరి పేరా ఉంది. దాన్ని ఫైనాన్స్ కంపెనీ నుంచి బ్యాంకుకు మార్చుకుంటే వడ్డీ తగ్గుతుందని కుప్పంలో నాతో పనిచేసేవాళ్లు చెప్పారు. మదనపల్లెలో ఒక బ్యాంకు ఒప్పుకుంది. వాళ్లు వచ్చి ఇల్లు చూసిపోయారు, కాగితాలన్నీ సరిపోయాయి. ఇక ఇద్దరమూ వెళ్లి సంతకాలు చేయడమే మిగిలింది. నాయన పాత పేపర్ల అంచుల మీద సంతకం పెట్టి చూసుకుంటున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

బ్యాంకులో ప్రతి పేజీకీ సంతకం కావాలన్నారు. నాయన మొదటిది పెట్టాడు. ఆఫీసరు దాన్ని పాన్ కార్డు మీది సంతకంతో పోల్చి చూసి, తల అడ్డంగా ఊపి, వేరే కాగితం ఇచ్చాడు. ఈసారి ఇంకా వంకరపోయింది. వెనక కుర్చీల్లో వాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. మధ్యాహ్నానికల్లా నేను కుప్పం బస్సెక్కాలి.

"మీ నాయనకు రాయను వస్తాదా, రాదా? రాకపోతే వేలిముద్ర తీసుకుంటాం, దానికి వేరే పద్ధతి ఉండాది" అన్నాడు ఆఫీసరు.

"రాదు సార్. వేలిముద్ర చాలు" అన్నాను.

ఆఫీసరు ఇంకు ప్యాడ్ తెరిచాడు. నాయన చెయ్యి చాపలేదు. రెండు చేతులూ ఒళ్లోకి తీసుకున్నాడు.

"సదవను, రాయను వస్తాది సార్" అన్నాడు. ఆ గొంతులో వణుకు లేదు. "సెయ్యే నిలబడ్లేదు."

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"అట్లయితే డాక్టరు దగ్గర రాయించుకోని రాండి పెద్దాయనా. ఆ మాటే మేమూ రాసుకోని వేలిముద్ర తీసుకుంటాం" అన్నాడు.

బస్టాండులో టీ తెచ్చి, గ్లాసు నేనే నాయన నోటి దగ్గర పట్టబోయాను. వద్దన్నాడు. సగం చొక్కా మీద ఒలికినా తనే తాగాడు.

"పని తొందరగా అయిపోతాదని అట్ల అంటి నాయనా."

"తెలుసు పాపా. నీకు మాటిమాటికీ లీవు యాడ దొరుకుతాది?"

కోప్పడి ఉంటే బాగుండేది.

మరుసటి వారం డాక్టరు కాగితం తీసుకుని మళ్లీ వెళ్లాం. నాయన వేలిముద్రలు వేశాడు, నేను సంతకాలు పెట్టాను. అప్పు బ్యాంకుకు మారింది, వడ్డీ తగ్గింది. మొదటిసారి పని ఎందుకు కాలేదని అమ్మ అడిగితే, బ్యాంకువాళ్లు ఇంకో కాగితం తెమ్మన్నారని మాత్రం నాయన చెప్పాడట. తర్వాత అమ్మ నన్నూ అడిగింది. నేనూ అదే చెప్పాను.