పావడాతో కలిపి కుట్టిన బొంత

మా చిన్నప్పుడు... ధర్మవరంలో వేసవి సెలవులొస్తే చాలు, మా అవ్వ వసారాలో పాతచీరలు నాలుగు పొరలుగా పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి బొంత కుట్టడానికి కూర్చునేది. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరసలు... కొలబద్ద లేదు, గీత లేదు.

నాకు పదేళ్ళప్పుడు మొదటిసారి సూది చేతికిచ్చింది. బొంత మీదే బాసింపట్టు వేసుకుని మధ్యాహ్నమంతా కుట్టాను. కాఫీకి పిలిస్తే లేచాను... బొంత కూడా నాతోపాటే లేచింది. నా పావడాని కలిపి కుట్టేశాను.

కుట్లు విప్పమని ఏడ్చాను. ఆకుపచ్చ పావడా... కొత్తది మరి. అవ్వ వినలేదు. కత్తెర తీసుకుని పావడానే కోసేసింది.

"పాతబట్టమ్మీ ఇది, ఇప్పితే చినుగుతాది. తప్పు ఆడనే ఉండనీ... ఇంకో బొంతలో సరిగ్గా కుట్టు," అంది.

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ కోపంతోనే రెండో బొంత మొదలుపెట్టాను. అదీ వంకరే...

ఇప్పుడు హిందూపురంలో బొంతలు కుట్టి అమ్ముతున్నాను. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ మొదటి బొంత బయటపడింది. పక్కనే ముందురోజు పూర్తిచేసిన బొంత పరిచి చూశాను. పాతదాంట్లో ఒక కుట్టు బెత్తెడు, ఇంకోటి వడ్లగింజంత. ఆకుపచ్చ ముక్క అలాగే ఉంది. కొత్తదాంట్లో అన్నీ ఒకే కొలత... నా చేతిని చూసి నాకే ముచ్చటేసింది.

సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి షాపావిడ వచ్చింది. ఏడాదిగా నా బొంతలు కొంటున్నది ఆమె ఒక్కతే. కొత్తదాన్ని తిప్పి చూసి, మిషన్ కుట్టులా ఉందని పక్కన పడేసింది. పాతదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఇలాంటివే పది కావాలట... కుట్లు కావాలనే వంకరగా వెయ్యాలట. అప్పుడే చేత్తో కుట్టినట్టు కనిపిస్తుందట.

ఒళ్ళు మండిపోయింది. సూదిపోట్లకు కాయలు కాసిన నా వేళ్ళు ఆమెకు కనబడలేదా?

"ఆ వంకర పోగొట్టుకునేదానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది మేడమ్. మళ్ళా యాడ్నుంచి తెచ్చేది?" అన్నాను. బొంత ఆమె ఒళ్ళోంచి లాక్కున్నాను. ఆమె మళ్ళీ రాదు, నాకు తెలుసు.

ఆమె వెళ్ళాక కూడా కోపం చల్లారలేదు. వంకరగా కుట్టడం అంత తేలికా, చూద్దామని ఓ గుడ్డముక్క తీసుకున్నాను. నాలుగు కుట్లు పడేసరికి చెయ్యి దానంతటదే తిన్నగా పోయింది. మళ్ళీ వేశాను... మళ్ళీ అంతే.

అప్పట్లో వంకర కుట్టు చూస్తే సరిగ్గా కుట్టమనేవాళ్ళు... ఇప్పుడు అదే కావాలంటున్నారు. మీ చేత్తో చేసిన మొదటి తప్పు ఏదైనా మీ ఇంట్లో దాగి ఉంటే చెప్పండి... అడిగినవాళ్ళకు మాత్రం ఇవ్వకండి. ఆకుపచ్చ పావడా వేసుకున్న ఆ పిల్ల కుట్టు, ఇప్పుడు నేనడిగినా నా చేతికి రావడం లేదు.