అమ్మకు వచ్చిన నలభై వేలు

అనుకోని డబ్బు వస్తే, అది ఇల్లు చేరేలోపే తలా ఒకసారి ఖర్చు పెట్టేసుకుంటారు. మా ఇంట్లో ముగ్గురమే. మూడుసార్లు ఖర్చయింది.

అప్పుడు మదీనాగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. నాన్న సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసులకు తిప్పే క్యాబ్ నడిపేవాడు. బంద్ అంటే ఆ రోజు కూలి లేనట్టే. నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అమ్మ కొండాపూర్‌లో ఒక ఫ్లాటులో, పక్షవాతంతో మంచాన పడ్డ ముసలామెకు మూడేళ్లు సేవ చేసింది. ఆమె పోయాక కొడుకు అమ్మను పిలిచి చేతిలో కవరు పెట్టాడు. "మేం చేయాల్సింది మీరు చేశారండి. కాదనకండి" అన్నాడట. అందులో నలభై వేలున్నాయి.

అమ్మ ముందు దశమ భాగం తీసి, చర్చికని బైబిల్లో పెట్టింది. నాన్న ఊరుకుంటాడా? "దేవుని వాటా దేవునికి ముట్టింది. ఇగ మన సంగతి చెప్పు" అన్నాడు. ఆయనకు సొంత ఆటో మీద కన్ను. నాకు లాప్‌టాప్ మీద. అమ్మ మాత్రం "పాపకు సమాధి కట్టిద్దాం" అంది.

పాప అంటే నా చెల్లెలు. నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయింది. పాతిపెట్టిన చోట మట్టి దిబ్బ, చెక్క సిలువ, అంతే. ఏటా నవంబరులో సమాధుల పండుగకు వెళ్లి, మట్టి సరిచేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేవాళ్లం. ఆ ఏడు పండుగకు వెళ్లినప్పుడు అక్కడి కావలి ముసలాయన అమ్మతో, "ఇటుకతోని కట్టించుకో అమ్మా. ఇక్కడ జాగ లేదు. మట్టియి మల్ల తవ్వుతరు" అన్నాడు. అమ్మ బెదిరిపోయింది. నేను నవ్వాను. "మేస్త్రీ ఇచ్చే కమీషన్ కోసం గట్లంటడు, నీకు తెల్వది" అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఎదుటివాడి మాటలో మోసం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

కవరు వచ్చినప్పుడూ అదే మాట అన్నాను. బంద్‌లతో కాలేజీ సగం రోజులు మూతే, ఇంట్లో నేర్చుకోకపోతే ఉద్యోగం రాదన్నాను. "నౌకరి రానీ అమ్మా, పాలరాయితోనే కట్టిస్త" అన్నాను. నాన్న ఆటో మాట వదులుకుని నా వైపు మొగ్గాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏది అడిగినా, అయితే తెలంగాణ వచ్చినంక, లేకపోతే నాకు నౌకరి వచ్చినంక. అమ్మ కవరు నాకిచ్చింది.

"పోయిన పిల్ల యాడికి పోతది? ఉన్నోని సంగతి చూద్దాం" అంది.

ఏడవలేదు. ఒప్పుకుందనుకున్నాను. లాప్‌టాప్ కొన్నాను; మిగిలింది బంద్ రోజుల్లో బియ్యానికీ కిరాయికీ పోయింది.

మరుసటి వేసవి దాటాక మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ నవంబరులో, మేస్త్రీకి బయానా ఇద్దామని జేబులో డబ్బు పెట్టుకుని, అమ్మను పండుగకు తీసుకెళ్లాను.

పాప చోట కొత్త సిమెంటు సమాధి ఉంది. దాని మీద ఎవరో పెద్దాయన పేరు. గోడ నుంచి అడుగులు వేసి రెండుసార్లు చూసుకున్నాను. చోటు అదే. కావలి ముసలాయనను తిట్టడానికి వెతికాను. ఆయన ముందే చెప్పాడని, తిట్టాల్సింది నన్నేనని తెలిసి కూడా వెతికాను. ఇవాళ్టికీ ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

అమ్మ తెచ్చిన పూలు ఆ సిమెంటు మీదే పరిచి, కొవ్వొత్తి వెలిగించి, పక్కన కూర్చుంది. అంతలో ఆ పెద్దాయన కూతురు పూలదండతో వచ్చింది. తండ్రి దగ్గర కూర్చున్న ఈమె ఎవరో అర్థంకాక నిలబడిపోయింది.

"మా నాయన మీకెట్ల ఎరుకమ్మా?" అని అడిగింది.

"ఎరుక లేదు బిడ్డా" అంది అమ్మ. "ఆయన కింద మా పాప పండుకున్నది."